హైదరాబాద్ టు వైజాగ్: ఫ్లైట్ గంటంపావే, మరి ప్రయాణం?

రేపు పొద్దున 10 గంటలకు మీకు వైజాగ్‌లో ఇంటర్వ్యూ ఉంది. ఉన్నది కూకట్‌పల్లిలో. పొద్దున 6 గంటల ఫ్లైట్ ఎక్కితే చాలా? ఈరోజు లెక్కేసి చూద్దాం.

ముందు దూరం. రోడ్డు మీద సుమారు 620 కిలోమీటర్లు. వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి మీదుగా రైల్లో అయితే దాదాపు 700. గాల్లో సరళరేఖలో మాత్రం 510 చిల్లరే. ఎందుకింత తేడా? మధ్యలో తూర్పు కనుమలు, గోదావరి ఉన్నాయి కదా. రైలు కిందికి విజయవాడ దాకా దిగి, మళ్లీ తీరం పక్కగా పైకెక్కాలి. విమానానికి ఆ బాధ లేదు.

ఇప్పుడు టైమ్. విమానం గంటకు 800 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే 510కి 40 నిమిషాలు కూడా పట్టకూడదు. టికెట్ మీద మాత్రం సుమారు గంటంపావు ఉంటుంది. ఎందుకంటే ఆ టైమ్ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి, అవతల పార్కింగ్‌లో ఆగేదాకా. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడం, ఇవన్నీ అందులోనే. ఇంత చిన్న రూట్‌లో ఫుల్ స్పీడ్‌లో వెళ్లేది కాసేపే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, ప్రోగ్రామ్ రన్ అయ్యే టైమ్ కన్నా లోడింగ్ టైమే ఎక్కువ!

ఇక ఇంటి గుమ్మం నుంచి చూద్దాం. చాలా ఎయిర్‌లైన్స్ చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తాయి. అంటే 4:30కల్లా శంషాబాద్‌లో ఉండాలి. ఇంట్లో 3:15కే బయల్దేరాలి. 7:15కి ల్యాండింగ్, బ్యాగ్ తీసుకుని బయటపడేసరికి 7:45, ఎంవీపీ కాలనీకి 8:15. మొత్తం 5 గంటలు! అందులో మీరు ఫ్లైట్‌లో ఉన్నది గంటంపావే.

సరే, 10కి ఇంకా టైముంది అంటారా? ఫ్లైట్ 2 గంటలు లేటైతే 10:15. ఇంటర్వ్యూ పోయినట్టే.

వందేభారత్‌కి సుమారు ఎనిమిదిన్నర గంటలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఇంకా ఎక్కువ. కానీ గోదావరి సాయంత్రం ఎక్కితే నిద్రలోనే తెల్లారిపోతుంది, పొద్దున్నే వైజాగ్. 2 గంటలు లేటైనా ఇంటర్వ్యూకి ఢోకా లేదు. టైమ్ ఎక్కువే, కానీ మీ పగలు పెద్దగా పోదు.

ఇంకో మాట. ఇప్పటిదాకా మనం లెక్కేసింది సిటీలోనే ఉన్న నేవీ ఎయిర్‌పోర్ట్‌కి. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్ట్ సిటీకి 40 కిలోమీటర్లకు పైగా దూరం. మీ ఫ్లైట్ అక్కడ దిగేదైతే గాల్లో టైమ్ దాదాపు అంతే, కింద టైమ్ మాత్రం పెరుగుతుంది. టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి.

కాబట్టి ముఖ్యమైన పని ఉంటే ముందురోజే వెళ్లిపోండి, ఫ్లైట్ అయినా రైలైనా. యాప్‌లో కనిపించే టైమ్ విమానానిది, మీది కాదు.

మీ ఊరి నుంచి గుమ్మం టు గుమ్మం ఎంత పడుతుందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, బై!