చివరి విస్తరి దాకా



సికింద్రాబాద్ దగ్గరి మా యాప్రాల్‌లో తెల్లారితే వినిపించే చప్పుళ్లలో పాత మిలిటరీ బండ్ల చప్పుడు కూడా ఒకటి. ఫౌజులో పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు వీధికి నలుగురుంటారు. వాళ్లలో ఒకరిద్దరు వేలంలో కొన్న జీపునో జోంగానో పెట్టుకుని, మనవణ్ని సాకినట్టు సాకుతుంటారు. నేనూ ఆ బాపతే. ఉద్యోగమంతా వర్క్‌షాపులో స్పానర్ పట్టుకుని గడిపినవాణ్ని.

ఒక చలికాలం పొద్దున మా ఎదురింటి సుబేదార్ సాబ్ వచ్చి గేటు తట్టారు. ఆయన దగ్గర నిస్సాన్ వన్ టన్ను ఉంది. మన సైన్యం కోసం జబల్‌పూర్‌లో తయారైన చిన్న ట్రక్కు అది. పెట్రోలు ఇంజన్, వరుసగా ఆరు సిలిండర్లు, 3956 సీసీ. జోంగాలో ఉండేదీ ఇదే ఇంజన్. “బండికి ఊపిరాడటం లేదన్నారు భాయ్. పెద్ద గొట్టాల మానిఫోల్డు, రెండు కార్బొరేటర్లు పెడితే గుర్రంలా ఉరుకుతుందన్నారు. పెట్టించాను. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ ఎక్కడానికే ఆయాసపడుతోంది” అన్నారు. ఆయన బాధను ఆధారం చేసుకునే ఈరోజు మీకు ఇంజన్ ఊపిరి సంగతి చెబుతాను. బండి లేనివాళ్లు కూడా వినండి, ఇందులో వంటింటి విషయాలే ఎక్కువ.

ఇంజన్ తినేది పెట్రోలే అనుకుంటాం. నిజానికి అది తినేది గాలి. పెట్రోలు అందులో తాలింపు మాత్రమే. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. సుబేదార్ సాబ్ ట్రక్కు ఏక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే, ఆ ఒక్క నిమిషంలో మూడు వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఆరు నుంచి ఎనిమిది లీటర్లు. అంటే ఓ పెళ్లి పందిట్లో ఉన్న నాలుగు వందల మంది ఊపిరి ఆ ఒక్క బానెట్ కింద ఆడుతోందన్నమాట.

పెళ్లి అన్నాను కాబట్టి బంతి వడ్డన గుర్తుచేసుకోండి. ఆరు విస్తళ్లు వరసగా వేశారు. వడ్డించేవాడు మధ్యలో నిలబడ్డాడు. మధ్య విస్తళ్లకి కూర ముక్కలు, నెయ్యి సమృద్ధిగా పడతాయి. ఆ చివర, ఈ చివర కూర్చున్నవాళ్లకి పులుసే మిగులుతుంది. ఇంజన్‌లో విస్తళ్లు ఆ ఆరు సిలిండర్లు. వడ్డించేవాడు మధ్యనున్న కార్బొరేటర్. అక్కడి నుంచి ఒక్కో సిలిండర్‌కి వెళ్లే గొట్టాల పోతనే ఇన్లెట్ మానిఫోల్డు అంటారు. చివరి విస్తరి దాకా సమంగా వడ్డించడమే దాని పని.

గొట్టం పెద్దదైతే వడ్డన బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. మోసం జరిగేది అక్కడే. మొక్కలకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కుతారు కదా. నీళ్ల మొత్తం కాస్త తగ్గినా వేగం పెరిగి దూరంగా ఉన్న మొక్కకు అందుతాయి. వేలు తీస్తే నీళ్లు కాళ్ల దగ్గరే పడతాయి. మానిఫోల్డులో ప్రయాణించేది ఉత్త గాలి కాదు, అందులో పెట్రోలు తుంపరలుంటాయి. గాలి జోరుగా పోతున్నంతసేపూ తుంపరలు దాంతోపాటే తేలుతూ పోతాయి. గొట్టం వెడల్పై జోరు తగ్గిందా, తుంపరలు గోడలకు అంటుకుని, అడుగున మడుగు కడతాయి. ఒక సిలిండర్‌కి పెట్రోలు ఎక్కువ, ఇంకో సిలిండర్‌కి తక్కువ. అప్పుడే మెకానిక్కులు ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటారు.

జోరుతో ఇంకో లాభమూ ఉంది. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది. 2,000 చుట్ల దగ్గర ఆ దిగడానికి సెకనులో 60వ వంతు కూడా పట్టదు. పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి తిరిగాక కూడా ఇన్లెట్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది. ఉయ్యాల ఊపడం ఆపినా కాసేపు ఊగినట్టు, గొట్టంలో జోరందుకున్న గాలి ఆ కాసేపట్లోనూ లోపలికి దూసుకొస్తుంది. జోరు లేని గాలినైతే పైకొస్తున్న పిస్టన్ వెనక్కి నెట్టేస్తుంది. ఆ వాల్వు ఎప్పుడు మూయాలో కంపెనీవాళ్లు కామ్ షాఫ్ట్‌లో నిర్ణయించి పెట్టారు. లోడు ట్రక్కు నెమ్మదిగా, బలంగా లాగాలని ఆ లెక్క కట్టారు. లోపలి కామ్ షాఫ్ట్, వాల్వులు పాతవే ఉంచి బయటి గొట్టం ఒక్కటే రేసు బండిది తగిలిస్తే, గుప్పెడన్నం తినేవాడికి గంగాళం ముందు పెట్టినట్టు. కడుపు అంతే కదా!

వేడి సంగతీ మరచిపోకూడదు. ఒంటికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది, అది ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది కనుక. మానిఫోల్డులో పెట్రోలు చేసేదీ అదే. చలికాలం పొద్దున సుబేదార్ సాబ్ కొత్త గొట్టాల మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంజన్ పది నిమిషాలుగా తిరుగుతున్నా, ఆ గొట్టాలు మంచినీళ్ల కూజాలా చెమర్చి ఉన్నాయి. అంత చల్లని గొట్టంలో పెట్రోలు ఆవిరి కాలేక గోడలకి అంటుకుంటుంది. అందుకే ఆ తరం ట్రక్కు ఇంజన్లలో చాలావాటికి ఇన్లెట్ మానిఫోల్డు పొట్టను సైలెన్సర్ వైపు మానిఫోల్డుకు ఆనించి బిగించేవారు. పొగ వేడికి పొట్ట కాగి పెట్రోలు ఆవిరవుతుంది. మోటుగా కనిపించే ఆ పోత ఇనుము వెనక ఇంత ఆలోచన ఉంది.

అసలు సుబేదార్ సాబ్ బండికి మొదట వచ్చిన జబ్బేమిటి? షాపువాళ్లు మానిఫోల్డులో పీల్పు ఎంతుందో కొలిచే వాక్యూమ్ గేజ్ పెట్టి చూస్తే 13 చూపించిందట. ఐడిలింగ్‌లో ఆరోగ్యమైన ఇంజన్‌కి ఈ గేజ్ సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 పాదరసపు అంగుళాలు చూపాలి. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. మన సికింద్రాబాద్ రమారమి 1,750 అడుగుల ఎత్తున ఉంది. విశాఖపట్నంలో 18 చూపించే ఇంజన్ ఇక్కడ 16 చూపిస్తే అది జబ్బు కాదు, ఊరి ఎత్తు. కానీ 13 మాత్రం జబ్బే. వాళ్లు దాన్ని ‘గాలి చాలడం లేదు’ అని చదివారు. నిజం సరిగ్గా దానికి తలకిందులుగా ఉంది.

పాత మానిఫోల్డును బల్ల మీద బోర్లించి, దాని ముఖం మీద ఉక్కు బద్ద ఆనించాను. మొదటి సిలిండర్ వైపు అంచున పావు మిల్లీమీటరు ఫీలర్ గేజ్ రేకు సులువుగా దూరింది. ఏళ్ల తరబడి కాగి, చల్లారి ఇనుము వంకర తిరిగింది. ఆ సందులోంచి దొంగగాలి దూరుతోంది. కార్బొరేటర్ లెక్కలోకి రాని గాలి అది. గాలి చాలక కాదు, దొంగగాలి ఎక్కువై బండి నీరసించింది. ముఖాన్ని గ్రైండింగ్ చేయించి, కొత్త ప్యాకింగ్ వేసి, నట్లు మధ్య నుంచి చివరలకు వరసగా, రెండు మూడు విడతల్లో బిగించాం. గేజ్ ముల్లు 17 దగ్గర కదలకుండా నిలబడింది.

మీ బండికీ ఇలాంటి అనుమానముంటే ఒక హోస్ పైపు ముక్క ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర ప్యాకింగ్ వెంబడి జరుపుతూ వినండి. బుస వినిపించిన చోట లీకు ఉన్నట్టు. ఫ్యాను, బెల్టుకు దూరంగా ఉండండి. లీకు కనిపెట్టడానికి పెట్రోలు చల్లిచూసేవాళ్లున్నారు. వేడి సైలెన్సర్ పక్కన ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది, చెయ్యనివ్వకండి.

ఈ కథ ఫోన్లో విని, టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు, “పెదనాన్నా, నేనో పాత షెవర్లే పికప్ కొన్నాను. వీ-ఎయిట్, 350 ఇంజన్. దీనికి ఏ మానిఫోల్డు వెయ్యమంటావు?” అన్నాడు. అక్కడ షాపుల్లో రకరకాలు దొరుకుతాయి. ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి డ్యుయల్ ప్లేన్. అందులో దారులు రెండంతస్తులు, ఒక్కో అంతస్తు నాలుగేసి సిలిండర్లకు వంతులవారీగా వడ్డిస్తుంది. ఐడిలింగ్ నుంచి 5,500 చుట్ల దాకా దానిది పైచేయి. రెండోది సింగిల్ ప్లేన్. ఎనిమిది సిలిండర్లకూ ఒకటే గది, పొట్టి దారులు. పరుగు పందెంలో 7,000 చుట్ల దగ్గర దాని ప్రతాపం. “ఒరేయ్, నువ్వు ట్రైలర్ లాగుతావా, పందెం వేస్తావా?” అనడిగాను. “ట్రైలరే” అన్నాడు. “అయితే రెండంతస్తులదే తీసుకో. కొనేముందు ఇంజన్ ఏ ఏడుదో చూసుకో” అన్నాను. ఎందుకంటే ఆ ఇంజన్‌లో 1987లో మధ్య బోల్టుల కోణం మార్చారు, 1996లో వచ్చిన వోర్టెక్ హెడ్డుకి బోల్టులు పన్నెండు నుంచి ఎనిమిదికి తగ్గాయి. గాజుల కొలత తెలీకుండా గాజులు కొంటామా?

ఇక డీజిల్ లారీ, డీసీఎం ఉన్నవాళ్లకి ఒక మాట. మీ మానిఫోల్డులో పోయేది ఉత్త గాలే, డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. కాబట్టి తుంపరల బెడద లేదు. మీ శత్రువు దుమ్ము. ఏర్ క్లీనర్ నుంచి వచ్చే రబ్బరు పైపు చీలినా, క్లిప్పు వదులైనా, ఆ దుమ్ము పిస్టన్ రింగుల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. టర్బో బండిలో టర్బో నుంచి మానిఫోల్డుకు వెళ్లే పైపు చీలితే నల్లపొగ వస్తుంది, పికప్ పోతుంది. మానిఫోల్డు కాదు, ముందు ఆ పైపు మార్చండి.

సుబేదార్ సాబ్ ట్రక్కు ఇప్పుడు రెండో గేర్లో, ఏక్సిలేటర్ మీద కాలు ఆనీ ఆనకుండానే అమ్ముగూడ వైపు సాగిపోతోంది. వేలు పోసి చేయించిన ఆ పెద్ద గొట్టాల మానిఫోల్డును మా పెరట్లోనే వదిలేశారు. మా ఆవిడ దానికి బీరపాదు పాకించింది. ఈ ఏడు కాపు బాగుంది.