ఉత్తరం నుంచి వాట్సాప్ దాకా



కామారెడ్డి, ఎల్లారెడ్డి పక్క ఊళ్లలో దుబాయి, మస్కట్, సౌదీ అనే పేర్లు తెలియని ఇల్లు లేదు. ఎందరో మగవాళ్లు బతుకుదెరువు కోసం గల్ఫ్‌కు పోయారు. ఇప్పుడూ పోతున్నారు.

వెనుకటి రోజుల్లో అక్కడి నుంచి ఉత్తరం వస్తే ఏం చేసేవారు? చదువు రాని ఇల్లాలు దాన్ని పట్టుకొని బడి పిల్లాడి దగ్గరికో, పోస్టుమాన్ దగ్గరికో పోయేది. భర్త తనకు రాసిన మాట మూడో మనిషి నోట వినేది. జవాబు కూడా ఇంకొకరి చేత రాయించేది. అప్పు సంగతి, అత్తింటి గొడవ అందరి ముందు ఎట్లా చెబుతుంది? సగం మాట కడుపులోనే ఉండిపోయేది. తర్వాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. అక్కడ మీటరు తిరుగుతుంటే గుండె దడదడలాడేది. ఏడుపు కూడా తొందరగా ఏడవాలి!

ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది. అందులో వాట్సాప్ ఉంది. అది 2009లో మొదలైంది. నోటితో చెప్పిన మాటను నింపి పంపే వీలు 2013లో వచ్చింది. 2016లో ఇంటర్నెట్ చౌక అయింది. కామారెడ్డి జిల్లా అయింది కూడా ఆ ఏడాదే. దుబాయిలో వాట్సాప్ రాతలు అందుతాయి కానీ, అందులో కాల్ మాట్లాడటానికి అక్కడ అడ్డు ఉంటూ వచ్చింది. అందుకే చాలామంది బోటిమ్ అనే యాప్‌ పెట్టుకున్నారు.

“నోటితో చెప్పి పంపొచ్చు కదా, ఇంక చదువెందుకు?” అని కొందరు అంటారు. ఫోన్‌లో వచ్చేవి ఇంటాయన మాటలే అయితే సరే. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ల మాటలూ వస్తాయి.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. ఊరూరా పాకింది. పక్కనే నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ మండలంలో ఒక మనిషిని అనుమానంతో కొట్టారు. అతను చనిపోయాడు. ఆ కబురు పంపిన వాళ్లలో ఎంతమంది నిజమేనా అని అడిగారు? ఆ ఏడాది జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక కట్టడి పెట్టింది. వచ్చిన కబురును ఒక్కసారిగా ఐదు చోట్లకు మించి పంపరాదు. ఎవరో పంపినదే మళ్లీ పంపితే దాని మీద చిన్న గుర్తు కూడా పడుతుంది. ఆ గుర్తు ఉంటే ఆగి చదవండి. ఏ ఊరు? ఏ తేదీ? ఎవరు చెప్పారు? ఇవి లేకపోతే ఇంకొకరికి పంపొద్దు.

గల్ఫ్‌లో ఉద్యోగం ఉందని కూడా ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో వస్తుంది. పైసలు కట్టే ముందు ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూడాలి. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో ఆ పేర్లు ఉంటాయి. వీసా చేతికి వస్తే అది పని వీసానా, విజిట్ వీసానా అని తెలిసినవాళ్లతో చదివించుకోవాలి. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరితే అక్కడ నేరం అవుతుంది. ఇల్లు కుదువబెట్టి పంపిన మనిషి జైలు పాలు కావచ్చు.

ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అంకెలు ఎవరు అడిగినా చెప్పవద్దు. మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపే వీలు అంత ఎక్కువ. ఆ నాలుగు అంకెలు మీ చేత్తోనే గోడ క్యాలెండరు మీద పెద్దగా రాసి పెట్టండి.