బరంపురమున పుట్టిన మాట
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ యేడు ఒక తండ్రిగారు మా గదికి వచ్చి, తమ కుమారుని తెలుగు తరగతినుండి మార్పుమని కోరిరి. "మన తెలుగు ఇంటిలో పలుకుటకే గదా, మేస్టారూ! దానితో బయట ఏమి సాధింతుము?" అనిరి. అప్పుడు మేము చెప్పజాలని సమాధానమును నేడు తమ ముందుంచుచున్నాము.

తాపీ ధర్మారావుగారు 1887లో ఈ బరంపురముననే జన్మించిరి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారికి శిష్యులైరి. కొంతకాలము మన కళ్లికోట కళాశాలలో గణితము బోధించిరి. పిమ్మట మద్రాసు చేరి, ‘జనవాణి’ పత్రికను వాడుకభాషలో నడిపిరి.

1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ చిత్రమును తీసిరి. కథ చలముగారిది; సంభాషణలు ధర్మారావుగారివి. అంతవరకు మన చిత్రములలో పౌరాణికములే హెచ్చు. ఇందులోనో, హరిజనులకు చెరువు నీరును గుడి ప్రవేశమును నిరాకరించిన ఊరు కలదు. అర్చకుని కుమారుడు హరిజన బాలికను ప్రేమించును. ఇట్టి కథను గ్రంథభాషలో చెప్పినచో, అది ఎవరి ఊరో అనిపించును. తన ఇంటి మాటనే తెరపై వినినవాడు తన ఊరి అన్యాయమును గుర్తింపక తప్పదు. తమ కుమారుడు చాణక్యగారి దర్శకత్వమున 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’కి కూడ వీరే సంభాషణలు వ్రాసి, రైతు కష్టమును రైతు నోటనే పలికించిరి.

1971లో సాహిత్య అకాడెమీ బహుమతి లభించినది ‘విజయవిలాస’ వ్యాఖ్యకు. అనగా, ప్రబంధముల లోతెఱిగినవారే వాడుకమాటను నెత్తిన పెట్టుకొనిరి. 1973లో వారు దివంగతులైరి.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. మన పిల్లలు అమ్మమ్మ మాటను వ్యాసములో వ్రాసినప్పుడెల్ల ఎఱ్ఱసిరాతో కొట్టివేసినవారము మేమే. నేడును ఈ ప్రసంగమును గ్రంథభాషలోనే చదువుచున్నాము; ముదిరిన అలవాటు! ఇంటి మాట తప్పని బడి చెప్పగా, అది బయట పనికిరాదని ఆ తండ్రిగారనుటలో వింత యేమి?

1936లో మన గంజాము ఒరిస్సాలో చేరినది. పిల్లలు ఒరియాను, ఇంగ్లీషును చక్కగా నేర్వవలసినదే. కాని రాత్రి భోజనమువేళ వారితో తెలుగున మాటాడుడు. పెద్దల మాటలను వ్రాయించి బడికి పంపుడు. ఇకమీదట వానిని కొట్టివేయమని మాట ఇచ్చుచున్నాము.

సెలవు.