పెదవి తగలని మామిడి

బాపులపాడు నుంచి నూజివీడుకో, విజయవాడకో వెళ్లి చదువుకునే కాలేజీ పిల్లలకు రాత నేర్పాలంటే, అభ్యాసాలు ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు. మన అవధానం నిండా అవే. దత్తపదిలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, నాలుగు మాటలిస్తాడు. వాటికి సంబంధంలేని విషయంలో వాటిని ఇమడ్చాలి. పద్యమే కావాలని పట్టుపట్టకండి. జాడీ, లారీ, సెల్‌ఫోన్, శ్రావణం ఇచ్చి, తోట కౌలు గురించి పేరా రాయమనండి.

నిరోష్ఠ్యం ఇంకా గమ్మత్తు. పెదవులు కలిసే ప, ఫ, బ, భ, మ వాడకూడదు. 16వ శతాబ్దంలో మరింగంటి సింగరాచార్యులు రామకథనే అలా నడిపారు. రాముడి పేరే ఎత్తడానికి వీల్లేదు మరి! ఆ నియమంతో నూజివీడు మామిడితోట మీద రాస్తే మామిడి అన్న మాటే పోతుంది. పూత, పిందె, పండు పోతాయి. బాపులపాడూ పోతుంది! మిగిలేవి కాయ, సొన, జీడి, చిన్నరసాలు. అలవాటు మాటలు అందకపోయేసరికి తోటను కళ్లతో చూడక తప్పదు.

అవధానం తరగతి గదికి కొత్తేమీ కాదు. అవధాని చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బందరు హైస్కూల్లో తెలుగు చెప్పినవారే. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడు.

నియమం ఎక్కడ తెగిందో పట్టే పని మాత్రం అధ్యాపకులు పెట్టుకోవద్దు. తోటి విద్యార్థులనే పృచ్ఛకులుగా కూర్చోబెట్టండి.