పాత బండికి కొత్త పెట్రోలు

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో ఒక పూర్వ విద్యార్థి, మెకానికల్ ఇంజనీర్ చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరువు గదా, అందరికీ పనికొచ్చేది ఏదైనా ఒకటి చెప్పు" అని నిర్వాహకులు అన్నారు. ఈ సమ్మేళనం కోసం జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు ఉన్న మనవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఒక మాట చాలామంది నోట విన్నాను. "పాత బుల్లెట్ సతాయిస్తుంది." "మందు కొట్టే మిషన్ ఎంత లాగినా స్టార్ట్ అయితలేదు." "పెట్రోల్లో నీళ్ళు వస్తున్నయట, నిజమేనా?" అందుకే ఈరోజు పెట్రోలు గురించే మాట్లాడతాను.

ముందుగా ఒక సరదా సంగతి. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. దాని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండినే ‘వింటేజ్’ అంటారు. దానికి ‘వీఏ’ అనే అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. ఆ లెక్కన మన బడి కూడా ఈ ఏడాదితో వింటేజ్ అయింది! అయితే వింటేజ్ నంబరున్న బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు పోయించడానికి మాత్రమే బయటికి తీయాలి. అంటే ఆ బండి ఎక్కువ కాలం నిలబడే ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు కూడా నిలవ ఉంటుంది. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

మన పెట్రోల్లో ఇథనాల్ కలపడం నిన్న మొన్న మొదలైంది కాదు. 2003లోనే 5 శాతం కలిపే కార్యక్రమం కొన్ని రాష్ట్రాల్లో ప్రారంభమైంది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 జూన్‌కల్లా దేశం 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలును, అంటే ఈ20ని, 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. 2030 నాటికి చేరాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. ఈరోజు మన మూడు జిల్లాల బంకుల్లో మామూలు పెట్రోలు అంటే ఇదే. "ఇథనాల్ లేనిది పోయండి" అని అడిగితే విడిగా గన్ను లేదు.

నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాను. ముడి చమురు కోసం దేశం విదేశాలకు కట్టే డబ్బు తగ్గాలి. చెరకు, మక్కలు, నూకలు, పాడైన ధాన్యం నుంచి ఇథనాల్ తీస్తారు. మక్కలకు గిరాకీ పెరిగితే మానుకోట రైతుకు మంచిదే. ఇథనాల్ ఆక్టేన్ కూడా ఎక్కువ. ఎక్కువ కంప్రెషన్‌తో, దానికి తగ్గట్టు తయారైన కొత్త ఇంజన్‌కు అది లాభమే. అయితే పాత బుల్లెట్, జావా, యెజ్డీ, రాజ్‌దూత్, చేతక్, లూనా, హైదరాబాద్ అల్విన్ వాళ్ళ పుష్పక్ స్కూటర్, ఇవన్నీ వేరే పెట్రోలును దృష్టిలో పెట్టుకొని చేసినవి. వాటి సంగతే మనం చూసుకోవాలి.

ఇథనాల్ పాత ఇంజన్‌ను మూడు రకాలుగా ఇబ్బంది పెడుతుంది.

మొదటిది నీళ్ళు. ఉత్త పెట్రోలుకు, నీళ్ళకు పొత్తు కుదరదు. ఇథనాల్‌కు రెండింటితోనూ స్నేహమే. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం దాకా నీటిని తనలో కలుపుకుంటుంది. 20 శాతం ఉన్నది ఇంకొంత ఎక్కువ కలుపుకుంటుంది. ఆ హద్దు దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోలును వదిలేసి, నీళ్ళతో కలిసి ట్యాంకు అడుక్కు దిగిపోతుంది. మూత బిగుతుగా ఉంటే గాలిలోని తేమ వల్ల చేరేది కొద్దిగానే. మూత రబ్బరు అరిగిపోయిన ట్యాంకులోకి వానకు, బండి కడిగినప్పుడు కారే నీళ్ళే ఎక్కువ. "పెట్రోల్లో నీళ్ళు వచ్చాయి" అన్న అనుమానం వచ్చినప్పుడు బంకు మీదికి పోయే ముందు మన ట్యాంకు మూత కూడా చూసుకోవాలి.

రెండోది రబ్బరు, లోహం. పాత పెట్రోలు పైపులు, వాషర్లు, కార్బురేటర్ డయాఫ్రంలు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, మెత్తబడతాయి, తరువాత ఎండి పగులుతాయి. తేమతో కలిసిన ఇథనాల్ జింకు, అల్యూమినియం కలిసిన కార్బురేటర్ బాడీని, ఇనుప ట్యాంకును తినేస్తుంది. ఫ్లోట్ బౌల్ విప్పితే అడుగున తెల్లటి పొడి కనబడేది అందుకే. పెంబర్తి పక్కన పుట్టినవాళ్ళకు ఇత్తడి గురించి నేను చెప్పనక్కర లేదు. జెట్లు ఇత్తడివే. ఆ సన్నటి రంధ్రంలో కాస్త చిలుమో జిగురో చేరినా బండి ఐడిల్‌లో నిలవదు. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలో కూడా, కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ఉంది. 30 ఏళ్ళ నాటి రబ్బరుతోనే నడుస్తున్న బండికి అన్ని కిలోమీటర్ల గడువు ఎక్కడిది?

మూడోది గాలి లెక్క. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి ఆ లెక్క సుమారు 13.5. కొత్త బండిలో సెన్సరు చూసి కంప్యూటరు ఇంధనం పెంచుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, పాత జెట్టు ఎంత ఇస్తే అంతే. దానితో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతుంది. మన మెకానిక్‌లు ‘లీన్’ అనేది దీన్నే. ఇంజన్ వేడెక్కుతుంది, పికప్ తగ్గుతుంది. పైగా లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదాని కన్నా మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు డిజైన్ చేసి, 10 శాతానికి సర్దిన ద్విచక్ర వాహనాల్లో ఈ20 వల్ల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని 2021 నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది.

ఇప్పటిదాకా సరదా బండ్ల సంగతి. నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మందు కొట్టే మిషన్, మనవాళ్ళు తైవాన్ పంపు అనేది.

ఇది చాలావరకు టూ స్ట్రోక్ ఇంజన్. లీటరు పెట్రోలులో కంపెనీ చెప్పినట్టు 20 నుంచి 40 మిల్లీలీటర్ల దాకా ఆయిల్ కలపాలి. ఆ ఆయిలే పిస్టన్‌కు ప్రాణం. మిర్చి పని అయిపోయాక మిషన్‌ను మిగిలిన పెట్రోలుతో సహా కొట్టంలో మూలకు పెడతాం. మళ్ళీ పత్తికి మొదటి మందు కొట్టే రోజున తీస్తాం. ఈ మధ్య నెలల్లో ట్యాంకులోకి నీళ్ళు చేరి ఇథనాల్ విడిపోయిందనుకోండి. ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. అడుగున ఉన్నది ఆయిల్ లేని ఇథనాల్, నీళ్ళు. పైపు పీల్చేది అడుగు నుంచే. స్టార్ట్ కాకపోతే ఒక రకంగా అదృష్టమే. స్టార్ట్ అయి నడిస్తే పిస్టన్ పట్టేస్తుంది.

2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు మానుకోట, భూపాలపల్లి రైతులు ఎంత నష్టపోయారో ఇక్కడున్న చాలామందికి ఇంట్లో అనుభవమే. పురుగు పడ్డప్పుడు మిషన్ రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజులు రైతు చేతిలోంచి పోయినట్టే. నాలుగు వేళ్ళంత కార్బురేటర్‌లో చేరిన జిగురు ఒక పంటకు అడ్డం పడుతుంది.

మరి ఇథనాల్ లేని ఇంధనం ఎక్కడా లేదా? ఉంది. స్వీడన్‌లో 1980ల నుంచే చిన్న ఇంజన్ల కోసం ఆల్కైలేట్ పెట్రోలు అమ్ముతున్నారు. అందులో ఇథనాల్ ఉండదు, బెంజీన్ దాదాపు ఉండదు, ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. టూ స్ట్రోక్ కోసం ఆయిల్ కలిపిన డబ్బాలు కూడా దొరుకుతాయి. చెట్లు కోసే రంపాలు, గడ్డి మిషన్లు వాడేవాళ్ళు పొగ బాధ తగ్గుతుందని కూడా దాన్ని కొంటారు. మన బంకుల్లో అది లేదు. పెద్ద నగరాల్లో 100 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది, ధర చాలా ఎక్కువ. పాత బుల్లెట్ కంప్రెషన్ తక్కువ, దానికి అంత ఆక్టేన్ అవసరమే లేదు. అందులో ఇథనాల్ లేదని తేలితేనే ఆ డబ్బుకు అర్థం. అది తేల్చుకోవడం మన సైన్సు ల్యాబ్‌లో నేర్చుకున్న చదువుతోనే అయిపోతుంది.

100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీలో 10 గీత దాకా నీళ్ళు, ఆపైన 100 దాకా పెట్రోలు పోయండి. మూత పెట్టి ఊపి, పది నిమిషాలు నిలబెట్టండి. కింది పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 28 దాకా పెరిగితే 90లో 18, అంటే 20 శాతం ఉన్నట్టు. ఇది ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ఇదే పద్ధతిలో నీళ్ళతో ఇథనాల్‌ను కడిగేసి మిగిలిన పెట్రోలు వాడుకోవచ్చని కొందరు వీడియోలు పెడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అగ్నిప్రమాదం ఒకటి, మిగిలిన పెట్రోలు ఆక్టేన్ పడిపోవడం ఒకటి, అందులో తడి మిగలడం ఇంకొకటి. కిరోసిన్ కలపడం కూడా వద్దు.

చేయాల్సినవి ఇవి. నెలకు మించి నిలబెట్టే బండి అయితే పెట్రోలు కాక్ మూసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయి ఆగేదాకా ఇంజన్ నడపండి. చాలా నెలలు పెట్టేదయితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపల పలుచగా ఆయిల్ తిప్పండి. పెట్రోలు పైపు, వాషర్లు, మూత రబ్బరు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. ‘విటాన్’ అని అడిగితే మంచి స్పేర్ పార్ట్స్ షాపులో చెబుతారు. ప్లగ్ తెల్లగా కాలుతుంటే మెయిన్ జెట్టు ఒకటి రెండు సైజులు పెంచమని మెకానిక్‌ను అడగండి. మందు మిషన్‌కు ఆ రోజుకు కావలసినంత పెట్రోలే కలపండి. పని ముగిశాక ట్యాంకు వంచి, మిగిలిన చుక్కలతో నడిపి ఆపండి. తక్కువ ఎకరాలున్నవాళ్ళకు బ్యాటరీ స్ప్రేయర్ ఇంకా సుఖం, ఈ గొడవే ఉండదు.

ఇవన్నీ మన చేతిలో ఉన్నవి. ఒకటి మాత్రం మన చేతిలో లేదు. 2021 నివేదికలోనే పాత వాహనాల కోసం ఈ10 పెట్రోలును రక్షణ ఇంధనంగా అందుబాటులో ఉంచాలని రాశారు. బ్రిటన్ 2021లో ఈ10కి మారినప్పుడు పాత బండ్ల కోసం సూపర్ గ్రేడ్‌లో ఈ5ను కొనసాగించింది. మన దేశంలో ఇథనాల్ లేని పెట్రోలు కూడా ఇవ్వాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టులో తీరకపోయినా అడగడం మానాల్సిన పని లేదు. జిల్లాకు ఒక్క బంకులోనైనా తక్కువ ఇథనాల్ పెట్రోలు ఉంచండి, గన్ను మీద శాతం ఎంతో రాయండి అని కోరడం అత్యాశ కాదు. కొనేవాడికి తాను కొంటున్నది ఏమిటో తెలియాలి.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. మన పూర్వ విద్యార్థుల్లో ఐటీఐ చదివినవాళ్ళున్నారు, సింగరేణిలో పనిచేస్తున్నవాళ్ళున్నారు, సొంతంగా మెకానిక్ షెడ్లు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఏటా రోహిణి కార్తెలో, విత్తనాలు పడకముందే, మన బడి మైదానంలో ఒక ఆదివారం రైతుల మందు మిషన్లు ఉచితంగా శుభ్రం చేసి ఇద్దాం. పైపులు, వాషర్ల ఖర్చు సంఘం భరిస్తే పని మేము చేస్తాం. మొదటి ఏడాది పైపుల ఖర్చు నాది. పేర్లు రాసుకోవడానికి భోజనాల దగ్గర ఒక పుస్తకం పెట్టించాను.