జీను ఎప్పుడు వెయ్యాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'గుర్రాల డాక్టరు' అని పరిచయం చేస్తుంటే వెనక వరసల్లో నవ్వులు వినపడ్డాయి. నవ్వరా మరి! మన ఊళ్లో మనం చూసిన గుర్రాలు స్టేషను దగ్గర జట్కాలకు కట్టినవే. ఇప్పుడు అవీ లేవు. తిరుపతిలో పశువైద్యం చదివి, ఇరవై రెండేళ్లుగా ఇంగ్లండులో ఒక గుర్రాల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఏదైనా మాట్లాడమన్నారు కాబట్టి నాకు తెలిసిన గుర్రం వెన్ను గురించే మాట్లాడతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది.

గుర్రానికి పక్కటెముకలు అతుక్కుని ఉండే వెన్నుపూసలు 18. ప్రతి పూస మీదా ఒక ఎముక కొమ్ములా పైకి లేచి ఉంటుంది. కొమ్ముకీ కొమ్ముకీ మధ్య సందు ఉండాలి. కొన్ని గుర్రాల్లో ఆ సందు మూసుకుపోయి, కొమ్ములు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. అక్కడివాళ్లు దీన్ని 'కిస్సింగ్ స్పైన్స్' అంటారు. పేరు ముద్దుగానే ఉంది, జబ్బు మాత్రం అలా ఉండదు. పందేలకు పెంచే థరోబ్రెడ్ జాతిలో ఇది ఎక్కువ. వచ్చేది కూడా సరిగ్గా జీను వేసే చోటే.

పూర్వం ఆ కొమ్ముల్ని కోసి తీసేసేవారు. 2012లో రిచర్డ్ కూమర్, ఆయన సహచరులు ఇంకో పద్ధతి ప్రకటించారు. ఎముకను ముట్టుకోకుండా, కొమ్ముల మధ్య ఉండే లిగమెంటును మాత్రం కోస్తారు. గుర్రానికి మత్తు ఇచ్చి, నిలబెట్టే, చిన్న గాట్లతో పని పూర్తి చేస్తారు.

పందేలు మానేసిన ఒక ఆడగుర్రానికి ఈ ఆపరేషన్ చేశాం. దాని యజమాని ఒక నర్సు. నైట్ డ్యూటీలు చేసి, కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొనుక్కుంది. కుట్లు బాగా మానాయి. ఆరు వారాలు చేత్తో పట్టి నడిపించి, తర్వాత జీను వెయ్యమని కాగితం మీద రాసిచ్చాను. ఆ అమ్మాయి ఒక్క రోజు కూడా తప్పలేదు. ఏడో వారం జీను వేసి ఎక్కింది. గుర్రం వీపు విల్లులా వంచి ఎగరేసింది. ఆ అమ్మాయి మణికట్టు విరిగింది.

పిండికట్టుతో వచ్చి ఒకటే మాట అంది: "ఆరు వారాలని మీరు నాకు చెప్పారు. గుర్రానికి ఎవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఎముకనే చూశాను. పూసని పూసతో పట్టి ఉంచే లోపలి చిన్న కండరాలు ఏళ్ల తరబడి నొప్పితో చిక్కిపోయాయి. వాటిని నేను తడిమి కూడా చూడలేదు. పైగా జీను అంటే నొప్పి అని దాని బుర్రలో నాటుకుపోయింది. ఆ సంగతి కత్తికి అందదు.

ఆ రాత్రి నాకు మన డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో నా చెయ్యి విరిగి, కట్టు విప్పిన రోజే కబడ్డీకి వెళ్లాను. మాస్టారు చెవి పట్టుకుని బయటికి లాగి, తడి తువ్వాలు చేతికిచ్చారు. నెల రోజులు పొద్దున్నే దాన్ని పిండించారు. ఎంత తిట్టుకున్నానో ఆయనకు తెలియదు!

గుర్రానికి తువ్వాలు కుదరదు, కారెట్ కావాలి. గుర్రాన్ని గోడవారన నిలబెట్టి, కారెట్ ముక్కని ముందు ఛాతీ దగ్గర, తర్వాత మోకాళ్ల మధ్య, ఆ తర్వాత పొట్ట పక్కన, తుంటి దగ్గర చూపించాలి. అది మెడ వంచి అందుకుని, కొన్ని క్షణాలు అలాగే ఉండాలి. వీపు దానంతటదే పైకి లేస్తుంది. ఇది చిట్కా వైద్యం కాదు. స్టబ్స్, క్లేటన్ బృందం 8 గుర్రాలతో మూడు నెలలు, వారానికి 5 రోజులు ఇవే చేయించి, ఆ లోపలి కండరాలు పెరిగాయని 2011లో ప్రచురించింది.

కారెట్లతో పాటు నడక. తల కిందికి దించి నడవాలి. ముందు చేత్తో పట్టి, తర్వాత పొడవాటి పగ్గాలతో వెనకనుంచి తోలుతూ. నేల మీద పరిచిన కర్రలు దాటించడం, చిన్న గట్లు ఎక్కించడం. ఇరుకు గుండ్రాల్లో తిప్పకూడదు. విరిగిన చేత్తో ఆ అమ్మాయి తోలలేదు కాబట్టి, సెలవు రోజుల్లో నేనే వెళ్లి తోలాను. వానలో, బురదలో. మా ఆవిడ నన్ను తిట్టింది కూడా.

అన్నిటికంటే కష్టమైంది జీను. లాయం గుమ్మంలో జీను కనపడితే చాలు, గుర్రం చెవులు వెనక్కి పడిపోయేవి. అందుకని మొదట మడిచిన తువ్వాలు వీపు మీద వేసి తీశాం. తర్వాత వదులుగా ఒక పట్టీ. ఆ తర్వాత జీను వేసి, ఎక్కకుండానే దించెయ్యడం. కండ పట్టాక పాత జీను సరిపోక మళ్లీ సరిచేయించాల్సి వచ్చింది.

నాలుగో నెల దాటాక ఒక ఉదయం జీను వేస్తుంటే గుర్రం గడ్డి నమలడం ఆపలేదు. ఆ అమ్మాయి నావైపు చూసింది. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు రెండు నిమిషాలు ఎక్కింది, అంతే.

ఇప్పుడు ఆ గుర్రం మీద పల్లెదారుల్లో తిరుగుతోంది. దూకే పోటీలకు తీసుకెళ్లదు, నేనూ తీసుకెళ్లమని చెప్పలేదు.

మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. సభ అయ్యాక వచ్చి చెయ్యి చూపిస్తాను మాస్టారూ, బాగానే తిరుగుతోంది.