కాలవ మట్టి మోసిన జేజి



కుటుంబ చరిత్ర అనగానే వంశవృక్షం గుర్తొస్తుంది. గోత్రం, భూమి దస్తావేజులు ఉన్నవాళ్లకు అది సులువే. సెంటు భూమి లేని మాదిగ ఇంట్లో ఐదు తరాల వెనక్కి వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మా ఇంట్లో మిగిలింది ఒక్క మాట: "ధాత కరువులో జేజి కాలవ మట్టి మోసింది. ఊరికే తిన్లేదు, మోసి తిన్నది." ఆమె పేరు మిగల్లేదు.

మాది ఒంగోలు ప్రాంతం. ధాత అంటే 1876-77. ఆ కరువులో మా తీరాన తవ్వించింది బకింగ్‌హామ్ కాలువ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అందులో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలో చేరుతున్నారనే మాట రాకుండా, కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. మళ్లీ మొదలయ్యాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

సర్కారు కాగితాల్లో ఇంకో లెక్క ఉంది. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువే. కూలీల తిండికి తూకం రాసిన కాగితాల్లోనూ జేజి పేరు లేదు.

ఆధారం లేకుండా ఆమెను ఆ 2,222 మందిలో చేర్చను. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' ముందుమాటలో బాబాసాహెబ్, చరిత్రలో లంకెలు తెగినచోట ఊహను వాడుకోవచ్చని వాదించారు. ఆ ఊహకు దొరికిన ఆధారమే హద్దు కావాలని నేననుకుంటాను.

ఆ హద్దులోనే ఒకటి చెప్పగలను. మా ఇల్లు బాప్తిస్మం తేదీని దాచుకోలేదు, పనిని దాచుకుంది. కూటికోసం మతం మారారని మమ్మల్ని ఈనాటికీ ఎత్తిపొడిచేవాళ్లకు, "మోసి తిన్నది" అన్న మాటే జవాబు. ఎగతాళిని విన్నవాళ్లే అలాంటి మాటను తరాలపాటు పట్టుకుంటారు. అందుకే దాన్ని ముచ్చటగా కాక సాక్ష్యంగా చదవాలి.

సెలవులకు ఇళ్లకు వెళ్తున్నారు కదా. పెద్దవాళ్లను పేర్లతో ఆపకుండా అడగండి: ఏ పని చేశారు, ఏ బావి నీళ్లు తాగనిచ్చారు, ఎక్కడ పూడ్చారు, జేజి పుట్టినూరు ఏది? కోడలుగా వచ్చిన ఆడవాళ్ల పేర్లే ముందు పోతాయి, వాటిని ముందు రాయండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, ఆ తర్వాత ఆర్కైవ్‌కు వెళ్లండి.

జై భీమ్.